గెలవని పార్టీకి ఓటు: డుబోయిస్ జీవితకాల అనుభవం

ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన వాడల్లో, హాస్టళ్లలో, సంఘాల సమావేశాల్లో ఒకే మాట తిరుగుతుంది. మన పార్టీకి వేస్తే ఓట్లు చీలతాయి, చీలితే అసలు శత్రువు గెలుస్తాడు, కాబట్టి ఈసారికి ఉన్న ఇద్దరిలో కాస్త నయమైనవాడికి వేద్దాం అని. ఎన్ని ఎన్నికలు గడిచినా ఆ ఈసారి మాత్రం అయిపోదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు కూడా తరతరాలుగా ఇదే మాట వింటున్నారు. అక్కడ రిపబ్లికన్, డెమొక్రాటిక్ పార్టీలు రెండే గెలుస్తాయి. మూడో పార్టీకి వేసిన ఓటు చెత్తబుట్టలో వేసినట్టే అంటారు.

ఈ ప్రశ్నతో జీవితకాలం పెనుగులాడిన మనిషి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్. ఆయన మనకు సామాజిక శాస్త్రవేత్తగా తెలుసు, పౌరహక్కుల ఉద్యమానికి పునాది వేసినవారిలో ఒకరిగా తెలుసు, 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఉత్తరం రాసిన వ్యక్తిగా తెలుసు. ఓటరుగా ఆయన ఏం చేశారన్నది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆయన రిపబ్లికన్లను నమ్మి చూశారు, డెమొక్రాట్లను నమ్మి చూశారు, మూడో పార్టీలకు ఓటేశారు, మూడో పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు, చివరికి ఓటే వేయనన్నారు. ఆ దారంతా ఒకసారి నడిచి చూద్దాం.

ఓటు లేని యవ్వనం

డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊర్లో పుట్టారు. బానిసత్వం రద్దయి అప్పటికి మూడేళ్లే. తల్లి ఇళ్లలో పనిచేస్తూ ఆయన్ని పెంచింది. ఆ ఊర్లో ఏటా పౌరులంతా ఒకచోట కూడి పన్నులు, ఖర్చులు తేల్చుకునే సభ జరిగేది. చిన్న డుబోయిస్ వెళ్లి కూర్చునేవాడు. కొండల్లోంచి చిరిగిన బట్టలతో దిగివచ్చే ఒక ముసలాయన హైస్కూలు మీద డబ్బు తగలేస్తున్నారని ప్రతి ఏడూ తిట్టిపోసేవాడు. సభ ఆయన చెప్పేదంతా ఓపికగా వినేది, తర్వాత హైస్కూలుకు డబ్బు మంజూరు చేసేది. డుబోయిస్ చదువుకున్నది ఆ హైస్కూల్లోనే. ఓడిపోయే మాటను కూడా కూర్చుని వినడమే ప్రజాస్వామ్యం అన్న పాఠం ఆయనకు అక్కడ దొరికింది. పెద్దయ్యాక చూసిన అమెరికా అలా లేదు.

ఊరి చర్చిల చందాలతో దక్షిణాన ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి నుంచి హార్వర్డ్‌కు, బెర్లిన్‌కు వెళ్లారు. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. 1897 నుంచి 1910 దాకా జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ప్రపంచస్థాయి పండితుడే గానీ, దక్షిణాది రాష్ట్రాల్లో ఆయన అభిప్రాయం అడిగే ఎన్నికే లేదు. ఓటు పన్నులు, అక్షరాస్యత పరీక్షలు, అధికారుల దౌర్జన్యం కలిసి నల్లవాళ్లను జాబితాల్లోంచి తుడిచేశాయి. 1899లో అట్లాంటా దగ్గర సామ్ హోస్ అనే కూలీని మూక చంపి కాల్చేసింది. అతని వేలి ఎముకలను ఒక దుకాణంలో ప్రదర్శనకు పెట్టారని విన్న రోజు, పరిశోధన ఒక్కటే చాలదని డుబోయిస్‌కు అర్థమైంది.

1909లో ఎన్‌ఏఏసీపీ అనే పౌరహక్కుల సంస్థ మొదలైంది. మరుసటి ఏడాది డుబోయిస్ న్యూయార్క్ వచ్చి దాని పత్రిక ది క్రైసిస్‌కు సంపాదకులయ్యారు. అధ్యక్ష ఎన్నికల్లో ఆయన ఓటు నిజంగా లెక్కలోకి వచ్చేసరికి వయసు నలభై దాటింది.

ఇద్దరిలో నయమైనవాడు

అప్పటికి నల్లవాళ్లంతా రిపబ్లికన్లకే వేసేవాళ్లు. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ పార్టీ కదా. మన తాతలు గుర్తు చూసి గుద్దినట్టే అక్కడా గుద్దేవాళ్లు. ఆ విశ్వాసాన్ని ఆ పార్టీ ఎప్పుడో లోకువ కట్టేసింది. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పుల నెపంతో రిపబ్లికన్ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 167 మంది నల్ల సైనికులను విచారణ లేకుండా ఉద్యోగాల్లోంచి తీసేశాడు. 1908లో డుబోయిస్ డెమొక్రాట్ అభ్యర్థి బ్రయాన్‌కు ఓటేయమని ప్రచారం చేశారు. ఆ మాట వినడానికి అప్పుడు చాలామంది సిద్ధంగా లేరు.

1912లో నలుగురు నిలబడ్డారు. రిపబ్లికన్ టాఫ్ట్, డెమొక్రాట్ విల్సన్, సొంత పార్టీని వదిలి ప్రోగ్రెసివ్ పార్టీ పెట్టిన థియొడోర్ రూజ్‌వెల్ట్, సోషలిస్టు డెబ్స్. డుబోయిస్ అప్పుడు సోషలిస్టు పార్టీ సభ్యులు. అయినా గెలిచే అవకాశం ఉన్న కొత్త పార్టీని కదిలించగలమేమో అని చూశారు. నల్లజాతి హక్కుల మీద ఒక తీర్మానం రాసి, ఎన్‌ఏఏసీపీ సహచరుడు జోయెల్ స్పింగార్న్ చేతికిచ్చి ప్రోగ్రెసివ్ పార్టీ మహాసభకు పంపారు. రూజ్‌వెల్ట్ దాన్ని పక్కన పెట్టేశాడు. దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులకు కుర్చీలు కూడా ఇవ్వలేదు. మూడో పార్టీ అయినంత మాత్రాన అది మనదైపోదని డుబోయిస్‌కు ఆ రోజే తెలిసింది.

ఇక విల్సన్ మిగిలాడు. నల్లజాతి ప్రజలను న్యాయంగా చూస్తానని అతను లేఖ రాసి ఇచ్చాడు. డుబోయిస్ సోషలిస్టు పార్టీకి రాజీనామా చేసి విల్సన్‌కు మద్దతిచ్చారు. దక్షిణాది వాడే అయినా చదువుకున్నవాడు, ఉదారవాది అనుకున్నారు. విల్సన్ గెలిచాడు. 1913 నుంచే ఖజానా శాఖలో, తపాలా శాఖలో నల్ల ఉద్యోగులను విడదీయడం మొదలైంది. వేరే బల్లలు, వేరే భోజనాల గదులు, వేరే మరుగుదొడ్లు. మన టీకొట్ల రెండు గ్లాసుల పద్ధతిని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లోకి తెచ్చినట్టన్నమాట. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో అతికించమన్నారు, రంగు చూసి తిప్పి పంపడానికి. విల్సన్‌కే ఓటేయించిన మరో నల్లజాతి నాయకుడు మన్రో ట్రాటర్ 1914లో అధ్యక్ష భవనానికి వెళ్లి నిలదీస్తే బయటికి పంపేశారు.

డుబోయిస్ ఆ దెబ్బ మరిచిపోలేదు. అయినా 1916లో ఉన్న ఇద్దరిలో నయమనుకుని రిపబ్లికన్ హ్యూస్ వైపు మొగ్గానని తర్వాత రాసుకున్నారు. హ్యూస్ నల్లవాళ్లకు ఏ మాటా ఇవ్వలేదు. 1920లో హార్డింగ్‌ను సమర్థించారు. అమెరికా సైన్యం ఆక్రమించుకున్న నల్లజాతి దేశం హైతీకి విముక్తి కలిగిస్తాడన్న ఆశతో. హార్డింగ్ గెలిచాడు. సైన్యం హైతీని వదిలింది మాత్రం 1934లో.

ఈ మూడు ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఓట్లు చీలతాయని భయపడి నయమైనవాడికి వేయడం ఆచరణాత్మకం అంటారు. డుబోయిస్ ఆ ఆచరణాత్మకత పాటించిన మూడుసార్లూ చేతికి ఏమీ రాలేదు. ఓటు ఎలాగూ పడుతుందని తెలిసినవాడు దానికోసం దేన్నీ వదులుకోడు.

ఓడిపోతారని తెలిసీ

1924లో డుబోయిస్ తోవ మార్చారు. విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లా ఫోలెట్ కొత్త ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున నిలబడితే, గెలవడని తెలిసే ఓటేశారు. లా ఫోలెట్‌కు 48 లక్షల ఓట్లు వచ్చాయి. అంటే దేశంలో ప్రతి ఆరుగురిలో ఒకరి ఓటు. చేతికి వచ్చింది మాత్రం సొంత రాష్ట్రం విస్కాన్సిన్ ఒక్కటే.

ఇక్కడ అమెరికా లెక్క ఒకటి అర్థం చేసుకోవాలి. అక్కడ అధ్యక్షుణ్ని ఎన్నుకునేది ప్రజల మొత్తం ఓటు కాదు, రాష్ట్రాల వారీ ఎలక్టర్లు. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడికి ఆ రాష్ట్రంలోని ఎలక్టర్లందరూ పోతారు. రెండో స్థానానికి, మూడో స్థానానికి సున్నా. అందుకే 1912లో విల్సన్ వందకు 42 ఓట్లతో 531 మంది ఎలక్టర్లలో 435 మందిని గెలుచుకున్నాడు. 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్న డెబ్స్‌కు ఒక్కరూ దక్కలేదు. మనకూ తెలిసిన లెక్కే ఇది. మన నియోజకవర్గాల్లోనూ మొదటివాడిదే సీటు.

1928లో రెండు పెద్ద పార్టీలూ నల్లవాళ్లను బాహాటంగా అవమానించాయి. డుబోయిస్ సోషలిస్టు నార్మన్ థామస్‌కు ఓటేశారు. ఆ సోషలిస్టులు కూడా దక్షిణాదిలో నల్ల సభ్యులను వేరుగా కూర్చోబెట్టాలని చూసినవాళ్లేనని ఆయనకు తెలుసు. 1932లో హూవర్‌ను భరించలేక ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు వేశారు. గెలవని పార్టీకే ఎప్పుడూ వేయాలని ఆయన ఒట్టు పెట్టుకోలేదు. ప్రతిసారీ అభ్యర్థి నల్లజాతి ప్రజల విషయంలో ఎక్కడ నిలబడ్డాడన్నదే చూశారు.

1934లో మళ్లీ అట్లాంటాకు వెళ్లి పదేళ్లు ఉన్నారు. కాగితం మీద ఓటు ఉండేది. కానీ అక్కడ డెమొక్రాట్ల ముందస్తు ఎన్నికలో, అంటే ప్రైమరీలో, ఎవరు గెలిస్తే వాళ్లే అసలు ఎన్నికలోనూ గెలుస్తారు. ఆ ప్రైమరీలో తెల్లవాళ్లకే ప్రవేశం. పార్టీ అంటే ప్రైవేటు సంఘం, ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అనేవాళ్లు. ఇలాంటి ప్రైమరీ రాజ్యాంగ విరుద్ధమని 1944లో టెక్సాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు పార్టీల దేశంలో దక్షిణాది నిజానికి ఒక్క పార్టీది, అదీ తెల్లవాళ్లది. మూడో పార్టీ ఎందుకని అడిగేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

1948: ఒకే సంఖ్య, రెండు విలువలు

1946లో అంబేడ్కర్ ఉత్తరం వచ్చింది. అంటరానివారి స్థితికి, అమెరికా నల్లవారి స్థితికి ఉన్న పోలికను ప్రస్తావించి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి సంఘం ఇచ్చిన విజ్ఞప్తి ప్రతులు పంపమని ఆయన అడిగారు. డుబోయిస్ జూలై 31న జవాబిచ్చారు. మరుసటి ఏడాది ఎన్‌ఏఏసీపీ తరఫున డుబోయిస్ సంపాదకత్వంలో మరింత వివరమైన విజ్ఞప్తి ఐక్యరాజ్యసమితికి చేరింది. సొంత ప్రభుత్వం మీద ప్రపంచానికి ఫిర్యాదు చేయడం వాషింగ్టన్‌కు నచ్చలేదు.

ఈ నేపథ్యంలో 1948 ఎన్నిక వచ్చింది. డెమొక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఎడమవైపు నుంచి మాజీ ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ ప్రోగ్రెసివ్ పార్టీతో దిగాడు. దక్షిణాదిలో నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ విడదీసి కూర్చోబెట్టే సభల్లో మాట్లాడనన్నాడు. గుడ్లు, టమాటాలు వచ్చి మీద పడినా వెనక్కి తగ్గలేదు. డుబోయిస్ అతనికి బాహాటంగా మద్దతిచ్చారు. ఎన్‌ఏఏసీపీ నాయకత్వం ట్రూమన్ వైపు ఉంది. తాను పుట్టించిన సంస్థ నుంచే ఆ సెప్టెంబరులో, ఎనభై ఏళ్ల వయసులో, డుబోయిస్‌ను తొలగించారు. నాయకత్వంతో వేరే గొడవలూ ఉన్నాయి గానీ, వాలెస్ పక్షాన నిలబడడం వాటిలో ముఖ్యమైనది.

వాలెస్‌కు సుమారు 11 లక్షల 57 వేల ఓట్లు వచ్చాయి. అదే ఎన్నికలో నల్లవాళ్లకు హక్కులు ఇవ్వొద్దంటూ డెమొక్రాట్ల నుంచి చీలిపోయిన స్ట్రామ్ థర్మండ్‌కు సుమారు 11 లక్షల 76 వేలు వచ్చాయి. ఇద్దరికీ వందకు రెండున్నర లోపే. థర్మండ్ ఓట్లు దక్షిణాదిలో కుప్పపడి ఉన్నాయి, అందుకని నాలుగు రాష్ట్రాలు, 39 మంది ఎలక్టర్లు దక్కారు. వాలెస్ ఓట్లు దేశమంతా చల్లినట్టు ఉన్నాయి, ఒక్కరూ దక్కలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలోనైతే అతని పేరును బ్యాలెట్ మీదికే రానివ్వలేదు. ఒకే సంఖ్య, ఒకచోట బలం, ఇంకోచోట సున్నా.

అయితే వాలెస్ ఓటు నిజంగా వృథా అయిందా? ట్రూమన్ సలహాదారులు ముందే లెక్క వేసుకున్నారు. ఉత్తరాది నగరాల్లోని నల్లజాతి ఓటు వాలెస్ వైపు జారితే ట్రూమన్ ఓడిపోతాడు. జాతి వివక్ష సాగే సైన్యంలోకి వెళ్లొద్దని యువకులకు పిలుపిస్తానని కార్మిక నాయకుడు ఫిలిప్ రాండాల్ఫ్ ఇంకోవైపు హెచ్చరించాడు. 1948 జూలై 26న సైన్యంలో సమానత్వాన్ని ఆదేశిస్తూ ట్రూమన్ సంతకం చేశాడు. నవంబరులో నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది ట్రూమన్‌కే వేశారు. ఒహాయోను అతను 7 వేల ఓట్లతో, కాలిఫోర్నియాను 18 వేల లోపు ఓట్లతో గెలిచాడు. వాలెస్‌కు వేయని ఓటర్లు కూడా వాలెస్ ఉన్నందువల్ల లాభపడ్డారు. పోవడానికి ఇంకో గుమ్మం ఉందని తెలిసినప్పుడే పాత ఇంటివాడు మర్యాద ఇచ్చాడు.

అభ్యర్థి డుబోయిస్

1950లో అమెరికన్ లేబర్ పార్టీ న్యూయార్క్ నుంచి సెనేట్‌కు నిలబడమని డుబోయిస్‌ను అడిగింది. ఆ పార్టీ కథ వేరు. న్యూయార్క్‌లో ఒకే అభ్యర్థిని రెండు పార్టీలు తమ తమ గుర్తుల మీద నిలబెట్టవచ్చు, ఓట్లు కలిపి లెక్కిస్తారు. 1936లో ఈ పార్టీ గుర్తు మీద ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 2 లక్షల 70 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ఓటు చీలలేదు, కానీ ఎవరి బలం ఎంతో విడిగా కనబడింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఈ పద్ధతిని చట్టంతో మూసేశాయి.

డుబోయిస్‌కు అప్పుడు 82 ఏళ్లు. గెలుస్తానన్న భ్రమ ఏమీ లేదు. అణుబాంబులకు వ్యతిరేకంగా, పౌరహక్కుల కోసం రేడియోలో, సభల్లో మాట్లాడే అవకాశం దొరుకుతుంది. అదే పార్టీ తరఫున కాంగ్రెస్‌లో ఉన్న వీటో మార్కాంటోనియోకు సాయమవుతుంది. ఆ రెండింటి కోసం ఒప్పుకున్నారు. 2 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, వందకు నాలుగు. హార్లెమ్‌లో ఆ వాటా కొన్ని రెట్లు ఎక్కువ. మార్కాంటోనియో మీద డెమొక్రాట్లు, రిపబ్లికన్లు, లిబరల్ పార్టీ కలిసి ఒక్కడినే నిలబెట్టి ఓడించారు. రోజూ తిట్టుకునే పెద్ద పార్టీలు మూడోవాడు బలపడితే ఎంత త్వరగా చేతులు కలుపుతాయో అక్కడ కనబడింది.

1951 ఫిబ్రవరిలో, విదేశీ ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న నేరం మోపి డుబోయిస్‌ను కోర్టుకు ఈడ్చారు. చేతులకు బేడీలు వేశారు. నవంబరులో జడ్జి కేసు కొట్టేశాడు. మరుసటి ఏడాది పాస్‌పోర్టు నిరాకరించారు, 1958 దాకా ఇవ్వలేదు. 1952లో ఆయన ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థి హాలినన్‌కు ఓటేశారు. ఆ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి షార్లట్టా బాస్ నల్లజాతి స్త్రీ. దేశమంతటా కలిపి సుమారు లక్షా 40 వేల ఓట్లే వచ్చాయి. తర్వాత ఆ పార్టీ లేకుండా పోయింది.

1956 అక్టోబరు 20న ది నేషన్ పత్రికలో డుబోయిస్ తానెందుకు ఓటు వేయబోవడం లేదో రాశారు. తన ఓట్ల లెక్కంతా ఒక్కొక్కటిగా చెప్పి, రెండు పార్టీలూ యుద్ధం విషయంలో, నల్లవాళ్ల హక్కుల విషయంలో ఒక్కటేనని, మూడో పార్టీని బతకనివ్వడం లేదని తేల్చారు. దానికి ఆరు రోజుల ముందే, అక్టోబరు 14న, నాగపూర్‌లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించారు. ఒకరు రెండు పార్టీల ఎన్నికను వదిలేశారు, ఇంకొకరు హిందూ మతాన్నే వదిలేశారు. ఇద్దరూ అంతకుముందు లోపల ఉండి అన్నీ ప్రయత్నించి చూసినవాళ్లే.

ఓటు మానడంలో డుబోయిస్ బాధ మనకు అర్థమవుతుంది. కానీ అది దారి చూపలేదని కూడా అనుకోవాలి. ఆయన ఆ వ్యాసం రాసిన రోజుల్లోనే మాంట్‌గోమరీలో, చాలామందికి ఓటే లేని నల్లజాతి జనం దాదాపు ఏడాదిగా బస్సులెక్కకుండా నడుస్తున్నారు. వాళ్లు గెలిచారు. ఎన్నిక మూసుకుపోయినచోట కూడా సంఘటన మూసుకుపోలేదు.

1961లో డుబోయిస్ కమ్యూనిస్టు పార్టీలో చేరి ఘనాకు వెళ్లిపోయారు. 1963 ఆగస్టు 27న అక్రాలో, 95 ఏళ్ల వయసులో చనిపోయారు. మర్నాడు వాషింగ్టన్ మహా ప్రదర్శనలో ఆ వార్త చెప్పింది ఎన్‌ఏఏసీపీ నాయకుడు రాయ్ విల్కిన్స్.

మనం తీసుకోవలసింది

ఆయన పోయిన మూడేళ్లకు అలబామాలోని లోన్డ్స్ కౌంటీలో ఒక సంగతి జరిగింది. జనాభాలో దాదాపు ఎనభై శాతం నల్లవాళ్లున్నా 1965 మొదట్లో ఒక్క నల్ల ఓటరూ నమోదై లేని చోటు అది. అక్కడి జనం డెమొక్రాట్లలో చేరకుండా నల్ల చిరుత గుర్తుతో సొంత పార్టీ పెట్టుకున్నారు. 1966లో నిలబడిన అందరూ ఓడిపోయారు. 1970లో వాళ్ల నాయకుడు జాన్ హ్యులెట్, మరో మూడో పార్టీ తరఫున, ఆ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు. వాలెస్ దేశమంతా చల్లిన ఓటు అక్కడ ఒకచోట కుప్పపడింది.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 1952లో అంబేడ్కర్ బొంబాయిలో ఓడిపోయారు. అదే ఎన్నికలో ఆయన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల స్థానం. 

కాబట్టి మూడో పార్టీకి ఓటు దండగా కాదా అన్నదానికి డుబోయిస్ జీవితం ఒక్కమాటలో జవాబివ్వదు. మనల్ని మూడు ప్రశ్నలు మాత్రం అడగమంటుంది. మన ఓట్లు ఎక్కడ కుప్పపడి ఉన్నాయి, ఎక్కడ చల్లినట్టున్నాయి? మనం వేరే గుమ్మం తొక్కగలమని పెద్ద పార్టీ నిజంగా భయపడుతోందా? ఎన్నిక అయిపోయిన మర్నాడు కూడా మన సంఘం నిలబడి ఉంటుందా? ఈ మూడింటికీ జవాబు లేకుండా నయమైనవాడికి వేసినా, సొంత పార్టీకి వేసినా ఓటు వృథాయే. జవాబు ఉంటే ఓడిపోయిన ఓటు కూడా పనిచేస్తుంది. ఈసారి ఓట్లు చీలతాయని ఎవరైనా అంటే, మా ఓటు కోసం మీరు ఏం వదులుకుంటారని ముందు అడుగుదాం.